సీసం గుళ్లు పోస్తే ఇనుము కన్నా తక్కువ తూగింది! చిన్న చోట్లో ఎక్కువ బరువు పట్టించడం ఎలా?

లేత్_రాజు
రెండు రోజులుగా దీంతోనే కుస్తీ. తిరిగే చేయి ఒకటి ఉంది, దానికి ఎదురు బరువు పెట్టాలి. చక్రంలో అందుకు ఉన్న చోటల్లా ఒక్క బోరు (గుండ్రటి రంధ్రం). వ్యాసం 40 మి.మీ., లోతు 60 మి.మీ., షాఫ్ట్‌కి సమాంతరంగా. అందులో 1,200 గ్రాములు పట్టాలి. ఇనుప దిమ్మని లేత్ మీద తిప్పుతూ చెక్కి పెడితే 590 గ్రాములే వచ్చింది. సీసం ఇనుముకి దాదాపు ఒకటిన్నర రెట్లు కదా అని అదే సైజు గొట్టంలో సీసం గుళ్లు నింపి ఎపాక్సీ జిగురు పోశాను. రాత్రంతా ఆరనిచ్చి పొద్దున తూచాను. 560! కాటా మార్చి తూచినా అంతే. సీసం ఇనుము కన్నా తేలికెలా అయింది? గుళ్లలో ఏమైనా కల్తీనా?

కుర్ర_మెకానిక్
గొట్టం బరువు తీసేశావా అన్నా?

లేత్_రాజు
తీశాను. కోసి, ఒలిచి మరీ తూచాను.

గీత_ఫిజిక్స్
కల్తీ కాదండీ, గాలి. ఒకే సైజు గుండ్రటి గుళ్లు ఎంత కుదిపి నింపినా చోటులో 60-64 శాతమే ఆక్రమిస్తాయి. మిగతాది సందులు. మీ బోరు ఘనపరిమాణం 75.4 ఘన సెం.మీ. అందులో 62 శాతం అంటే 46.7. దాన్ని సీసం సాంద్రత 11.34తో (ఘన సెం.మీ.కి గ్రాములు) హెచ్చిస్తే 530 గ్రాములు. సందుల్లో దూరిన ఎపాక్సీ నీళ్ల కన్నా కొంచెమే బరువు, ఓ 30 గ్రాములు. మొత్తం 560. మీ కాటా నిజమే చెప్పింది. పుస్తకంలో 11.34 అని ఉండేది గట్టి సీసానికి. మీరు బోరులో పోసిన సరుకు 7.4 మాత్రమే, ఇనుము 7.85.

లేత్_రాజు
ఓహో... గుళ్లు అనేసరికి సీసమే కనిపించింది, సందులు కనిపించలేదు. థాంక్సండీ.

పాత_ఇనుము
గుళ్లెందుకు, సీసం కరిగించి పోసెయ్. 327 డిగ్రీలకే కరుగుతుంది. సందులుండవు, గొడవుండదు.

ఫౌండ్రీ_శీను
@పాత_ఇనుము అంత తేలిగ్గా చెప్పకండి. మొదటి మాట, బోరులో చుక్క తడి ఉన్నా సరే కరిగిన సీసం పడగానే ఆవిరై మొత్తం మొహం మీదికి చిమ్ముతుంది. నా చేతి మీద ఇప్పటికీ మచ్చలున్నాయి, ముంజేయి నుంచి మోచేయి దాకా బియ్యపు గింజల్లా. బోరు పొడిగానే ఉందనుకున్నాను. అడుగున కటింగ్ ఆయిల్ నీళ్లు ఓ పొరలా ఉండిపోయాయి. ముందు చక్రాన్ని వేడి చేసి, తడి పూర్తిగా పోయాకే పోయాలి.

రెండోది, సీసం గడ్డకట్టేటప్పుడు మూడున్నర శాతం దాకా కుంచించుకుపోతుంది. మధ్యలో గుంట పడుతుంది, గోడ నుంచి వదులవుతుంది. పైనుంచి మళ్లీ మళ్లీ పోస్తూ ఉండాలి. మూడోది పొగ, బూడిద. గాలి ఆడని చోట చేయొద్దు, చేతులు కడగకుండా ఏదీ నోట్లో పెట్టొద్దు, ఆ బట్టలతో ఇంట్లోకి వెళ్లొద్దు. పిల్లల మెదడుకి సీసం చేసే హాని మళ్లీ బాగవదు.

గీత_ఫిజిక్స్
పైగా ఒక్క సందు లేకుండా నింపినా 75.4 × 11.34 = 855 గ్రాములే. రాజు గారికి కావలసింది 1,200. సీసంతో ఎలా చూసినా కుదరదు.

కుర్ర_మెకానిక్
బంగారం పోస్తే? 19.3 కదా. 1,455 గ్రాములు వస్తుంది, ఇంకా మిగులు కూడా :)

పాత_ఇనుము
అప్పుడు ఎదురు బరువుకి కాపలా మనిషిని కూడా పెట్టాలి.

టూల్‌రూమ్_సత్యం
రాజూ, నీకు కావలసింది టంగ్‌స్టన్ హెవీ అల్లాయ్, అంటే బరువైన మిశ్రమ లోహం. టంగ్‌స్టన్ 90-97 శాతం, మిగతాది నికెల్, ఇనుము లేదా నికెల్, రాగి. సాంద్రత గ్రేడుని బట్టి 17 నుంచి 18.5. 17.5 గ్రేడు తీసుకుంటే నీ బోరుకి 1,319 గ్రాములు. ఇంకా కొంచెం జాగా మిగులుతుంది.

శుద్ధ టంగ్‌స్టన్ జోలికి పోకు. 19.25 ఉంటుంది కానీ తిప్పుతుంటే పెచ్చులు ఊడుతుంది. కరిగించి పోయడం మాట అసలే వద్దు, 3,422 డిగ్రీలు. అందుకే పొడిని అచ్చులో నొక్కి, 1,500 డిగ్రీల దరిదాపుల్లో కాలుస్తారు. ఆ వేడికి నికెల్, ఇనుము కరిగి టంగ్‌స్టన్ రేణువుల మధ్యకి పాకి పట్టేస్తాయి. నువ్వు ఎపాక్సీతో చేయాలనుకున్న పనే అది, కాకపోతే సందులు మిగలకుండా రేణువులు ఒకదానికొకటి దగ్గరవుతాయి. లేత్ మీద పోత ఇనుము తిప్పినట్టే తిరుగుతుంది, కార్బైడ్ టూల్ వాడు.

చిట్టి_వర్క్‌షాప్
టంగ్‌స్టన్ పొడి కొని ఎపాక్సీలో కలిపితే చవగ్గా అయిపోదా?

టూల్‌రూమ్_సత్యం
మళ్లీ అదే గుళ్ల కథ. పొడి 60 శాతం పడుతుంది. 19.25లో 60 శాతం 11.5. అంటే టంగ్‌స్టన్ ఖర్చు పెట్టి సీసం చేసుకున్నట్టు. సీసం విషం కాబట్టి దాని బదులు కావాలనుకున్న చోట ఆ మిశ్రమం బాగా పనికొస్తుంది, రేడియేషన్ కవచాల్లో వాడతారు కూడా. రాజు అవసరానికి మాత్రం చాలదు.

బ్లాక్‌బోర్డ్_మూర్తి
అరిగిపోయిన కార్బైడ్ ఇన్‌సర్ట్‌లు (టూల్ చివర బిగించే కోత ముక్కలు) వర్క్‌షాపుల్లో డబ్బాలకొద్దీ పడుంటాయిగా? టంగ్‌స్టన్ కార్బైడ్ 15.6. అవి నింపండి.

చిట్టి_వర్క్‌షాప్
కోబాల్ట్ కలిసుంటుంది కాబట్టి ఇన్‌సర్ట్ 14-15 మధ్య ఉంటుంది మాస్టారూ. నలుచదరం ముక్కలు, మధ్యలో బెజ్జాలు, అడ్డదిడ్డంగా పడతాయి. సగం చోటు గాలికే. ఇనుప దిమ్మతో సమానం అవుతుంది, అంతే.

ఫౌండ్రీ_శీను
ఇన్‌సర్ట్‌ల మీద సీసం పోస్తే మాత్రం విషయం వేరు. సీసం కన్నా కార్బైడ్ బరువు కాబట్టి అడుగునే ఉంటుంది, సందుల్లో సీసం నిండుతుంది. సగం సగం అనుకుంటే 13 దాకా పోవచ్చు. అదే ఇనుప ముక్కలు వేసి పోస్తే సీసంలో పైకి తేలతాయి! నేను మొదటిసారి చూసినప్పుడు నోరెళ్లబెట్టాను. ఇనుప నట్టు సీసంలో బెండులా తేలుతూ తిరుగుతుంది.

గీత_ఫిజిక్స్
13 × 75.4 = 980. దగ్గరికొచ్చాం కానీ ఇంకా 220 తక్కువ.

స్వర్ణ_తుల
బంగారం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మా వృత్తిలో టంగ్‌స్టన్ అంటే గుండె జారుతుంది. సాంద్రత బంగారానిది 19.3, దానిది 19.25. వంద గ్రాముల మేలిమి బంగారాన్ని నీళ్లలో వేలాడదీసి తూస్తే 5.18 గ్రాములు తగ్గుతుంది, టంగ్‌స్టన్ అయితే 5.19. ఆర్కిమెడీస్ కాలం నుంచి నమ్ముకున్న నీటి తూకం ఇక్కడ చేతులెత్తేస్తుంది. లోపల టంగ్‌స్టన్, పైన మందంగా బంగారం ఉన్న బిస్కెట్టు గీటురాయి పరీక్ష కూడా గట్టెక్కేస్తుంది. అల్ట్రాసౌండ్ పెడితే దొరుకుతుంది, టంగ్‌స్టన్‌లో శబ్దం బంగారంలో కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా వేగంగా పోతుంది. రాగి, వెండి కలిపిన కల్తీని మాత్రం నీటి తూకం నిమిషంలో పట్టిస్తుంది. వెండి 10.5, రాగి 8.96, ఎక్కడి 19.3!

కుర్ర_మెకానిక్
ఇది నాకు తెలీదు. దొంగకి కూడా ఫిజిక్స్ రావాలన్నమాట.

బ్లాక్‌బోర్డ్_మూర్తి
ఒక చిన్న సవరణ. అందరూ సాంద్రత, విశిష్ట గురుత్వం రెండూ కలిపేస్తున్నారు. సాంద్రతకి ప్రమాణం ఉంటుంది, ఘన సెం.మీ.కి ఇన్ని గ్రాములని. విశిష్ట గురుత్వం నీటితో పోల్చిన నిష్పత్తి, దానికి ప్రమాణం లేదు.

చిట్టి_వర్క్‌షాప్
నీటి సాంద్రత 1 కాబట్టి అంకె ఒకటేగా మాస్టారూ. బోరుకి తేడా తెలీదు.

బ్లాక్‌బోర్డ్_మూర్తి
బోరుకి తెలీదు, పరీక్ష రాసే పిల్లలకి తెలియాలి. బ్యాటరీ యాసిడ్‌లో హైడ్రోమీటర్ వేస్తే 1.28 చూపించేది విశిష్ట గురుత్వమే. ఆ చిన్న తేడా మీదే చార్జింగ్ ఉందో లేదో చెప్తాం. 1.12కి పడితే బ్యాటరీ ఖాళీ.

రిగ్గు_నైట్‌షిఫ్ట్
గీత గారు పుస్తకంలో అంకె వేరు, బోరులో అంకె వేరు అన్నట్టు చెప్పారే, మా బతుకంతా అదే. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అణచిపెట్టేది మడ్ (బావిలో తిప్పే బురద ద్రవం) బరువే. 3,000 మీటర్ల లోతులో మామూలు నీళ్లయితే 294 బార్ (ఒత్తిడి కొలత) నొక్కుతాయి. మడ్‌ని 1.6కి తెస్తే 471 బార్. ఆ బరువు కోసం కలిపేది ముగ్గురాయి పొడి, బరైటీస్. దాని విశిష్ట గురుత్వం దాదాపు 4.2 ఉంటుంది. ఘన మీటరు నీటిని 1.0 నుంచి 1.6కి తేవాలంటే దాదాపు 970 కిలోల పొడి కావాలి. నీళ్ల బరువూ దాని బరువూ ఇంచుమించు సమానం!

సీసం ఖనిజం గలీనా 7.5, అది కలపొచ్చు కదా అని అడుగుతుంటారు. ఎంత బరువైన పొడి అయితే అంత త్వరగా అడుగుకి దిగుతుంది. బరైటీస్‌తోనే మాకు ఆ బాధ ఉంది. వాలుగా తవ్విన బావిలో పంపు ఆపితే పొడి కింది గోడ మీదికి దిగి, జారుకుంటూ కిందికి పోతుంది. పైన మడ్ తేలికవుతుంది, కింద చిక్కబడుతుంది. ఒక రాత్రి 1.55 మడ్ పంపాం. పంపు ఆపి చాలా గంటలు ఆగాల్సి వచ్చింది. మళ్లీ తిప్పితే ముందు 1.48 వచ్చింది, కాసేపటికి 1.70 వచ్చింది. కాటా చేతిలో పట్టుకున్న కుర్రాడు నా మొహం చూస్తున్నాడు, నేను కాటా చూస్తున్నాను. సరాసరి బాగానే ఉందిగా అనుకుంటే ప్రాణాలు పోతాయి.

ఆ బరువు తీసేస్తే ఏమవుతుందో 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో లోకం చూసింది. డీప్‌వాటర్ హొరైజన్ అనే రిగ్గు తవ్విన బావిలో సిమెంటు పట్టు నిలవలేదు. పైనున్న బరువైన మడ్ తీసి సముద్రపు నీళ్లు నింపుతుండగా గ్యాసు తన్నుకొచ్చింది. 11 మంది పోయారు.

లేత్_రాజు
చదువుతుంటే ఒళ్లు జలదరించింది అన్నా.

కాంక్రీటు_కబుర్లు
రిగ్గు గారి పొడి దిగిపోవడం మా దగ్గరా ఉంది. రేడియేషన్ గదికి గోడ కట్టాం. మామూలు కాంక్రీటు 2.4, మాకు 3.6 కావాలన్నారు. కంకర బదులు మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం, 5.2. వైబ్రేటర్ కాస్త ఎక్కువసేపు పెడితే బరువు రాళ్లన్నీ అడుగుకి, సిమెంటు పాలు పైకి. గోడ పై భాగంలో కవచం ఉండదు, చూడ్డానికి మాత్రం నున్నగా ఉంటుంది.

లారీ సంగతి ఎవరూ ముందు ఆలోచించరు. 6 ఘన మీటర్ల మిక్సర్ డ్రమ్ము, 14 టన్నులకి కొంచెం పైన మోయగలదు. 3.6 కాంక్రీటు 4 ఘన మీటర్లు పోసేసరికి ఆ బరువు వచ్చేసింది. డ్రైవరు తొంగి చూసి ‘డ్రమ్ము మూడో వంతు ఖాళీగా ఉంది, ఇంకా పొయ్యండి’ అని ఒకటే గోల. ఫార్మ్‌వర్కు (పచ్చి కాంక్రీటుని పట్టి ఉంచే పలకల అచ్చు) కూడా అంతే. 3 మీటర్ల ఎత్తు పచ్చి కాంక్రీటు అడుగున చదరపు మీటరుకి 7.2 టన్నులు నెడుతుంది, మాదైతే 10.8. పాత లెక్కకే సపోర్టులు కొట్టారు. సాయంత్రానికి పలకలు పొట్ట ఉబ్బినట్టు బయటికి వచ్చాయి. పోయడం ఆపి రాత్రంతా జాక్‌లు బిగించాం.

ఎక్స్‌రే_టెక్
సీసం రేకు వాడొచ్చుగా? కోబాల్ట్-60 నుంచి వచ్చే గామా కిరణాలని సగానికి తగ్గించడానికి సీసం 1.2 సెం.మీ. చాలు, కాంక్రీటు 6 సెం.మీ. కావాలి.

కాంక్రీటు_కబుర్లు
గది గోడంతా సీసమా? ఎవరు నిలబెడతారు?

ఎక్స్‌రే_టెక్
అది నిజమే. మాది ఎక్స్‌రే గది, 2 మి.మీ. రేకు సరిపోతుంది. అదే చదరపు మీటరుకి 22.7 కిలోలు. తలుపుకి తొడిగితే ఒక్క సీసమే 47 కిలోలు దాటింది. ఆరు నెలలకి తలుపు వాలి, కింద నేలకి రాసుకోవడం మొదలైంది. మడత బందులు మామూలు తలుపువి వేశారు. గోడ మీద ఇంకో చిత్రం. సీసం మెత్తన, తన బరువుకి తానే నెమ్మదిగా సాగుతుంది. మేకుల చుట్టూ రేకు కన్నీటి చుక్కలా సాగి పైన వేలెడు సందు వచ్చింది. రేడియేషన్ కొలిచే సర్వే మీటరు పెట్టాకే తెలిసింది. రేకుకి వెనక ప్లైవుడ్ అతికించి ఉండాల్సింది.

గీత_ఫిజిక్స్
ఒక హెచ్చరిక. బరువైనది ఏదైనా అన్ని రేడియేషన్లనీ ఆపుతుందని అనుకోవద్దు. న్యూట్రాన్లకి సీసం దాదాపు వృథా. వాటి వేగం తగ్గించడానికి హైడ్రోజన్ ఉన్నవి కావాలి: నీళ్లు, పాలిథీన్, మైనం.

ఓడ_సరంగు
కాంక్రీటు గారి డ్రైవరు మాట వినగానే నవ్వొచ్చింది. ఇనుప ఖనిజం ఎక్కించిన ఓడ గోదాములు చూసినవాళ్లంతా అదే అంటారు, సగం ఖాళీగా ఉందేంటని. నిండా పోస్తే మునుగుతుంది. బరువంతా అడుగున ఉంటే ఓడ మరీ బిగుసుకుపోయి, అలకి అటూ ఇటూ విసిరికొట్టినట్టు ఊగుతుంది. మంచం మీద నిద్రపట్టదు, సామాను నిలవదు. అందుకే కొన్ని ఓడల్లో ఒక గోదాము వదిలి ఒకటి నింపుతారు, బరువు కుప్ప కాస్త ఎత్తుకి వస్తుంది. దానికి తగ్గట్టు ఓడ అడుగు గట్టిగా కట్టి ఉండాలి.

పాత_ఇనుము
విమానాల్లో యురేనియం పెట్టేవారట, నిజమేనా?

ఓడ_సరంగు
నిజమే. తొలి తరం బోయింగ్ 747ల తోకలో ఎదురు బరువుగా క్షీణ యురేనియం (అణు ఇంధనానికి పనికొచ్చే భాగం చాలావరకు తీసేయగా మిగిలినది) ఉండేది, 19.1. అచ్చం రాజు సమస్యే: చోటు తక్కువ, బరువు ఎక్కువ. 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇళ్ల మీద కూలిన సరుకు విమానంలో 282 కిలోలు ఉంది, అందులో సగానికి పైగా తర్వాత దొరకలేదు. అక్కడి జనం ఏళ్ల తరబడి ఆరోగ్యం గురించి భయపడ్డారు. కొత్త విమానాల్లో మాత్రం అంతకు ముందే, 1980ల మొదట్లోనే టంగ్‌స్టన్‌కి మారారు.

కుర్ర_మెకానిక్
పాత ఫోను విప్పితే వైబ్రేటర్ మోటారు చివర అర్ధచంద్రం ముక్క ఉంటుంది చూడండి. శనగబద్ద కన్నా చిన్నది, చేతిలో వేసుకుంటే ఆ సైజుకి అంత బరువేంటి అనిపిస్తుంది. అది కూడా టంగ్‌స్టనేనా?

టూల్‌రూమ్_సత్యం
అవును, చాలావాటిలో అదే. ఇనుముతో చేస్తే అదే ఊపు రావడానికి రెండింతలకు పైగా చోటు కావాలి.

సరే, రాజు పని వదిలేసి అందరం లోకమంతా తిరిగొచ్చాం. రాజూ, రెండు ప్రశ్నలు. వేగం ఎంత? కేంద్రం నుంచి బోరు ఎంత దూరం?

లేత్_రాజు
600 ఆర్‌పీఎం. 150 మి.మీ. బోరు బయటికి జరపలేను, బయటి గోడ ఇప్పటికే 8 మి.మీ. మిగిలింది.

గీత_ఫిజిక్స్
1.2 కిలోలు ఆ వేగంలో గోడని 711 న్యూటన్లతో నొక్కుతుంది. దాదాపు 72 కిలోల మనిషి వేలాడినట్టు.

ఫౌండ్రీ_శీను
అయితే సీసం ఎటూ వద్దు. రోజూ అలా నొక్కితే మెల్లగా ఒత్తుకుపోయి వదులవుతుంది, తర్వాత లోపల కొట్టుకుంటుంది.

టూల్‌రూమ్_సత్యం
ఇంకోటి. హెవీ అల్లాయ్‌ని వట్టి ప్రెస్ ఫిట్ చేసి (బిగుతుగా నొక్కి కూర్చోబెట్టి) వదిలేయకు. వేడికి స్టీలు వ్యాకోచించే దాంట్లో సగం కూడా అది వ్యాకోచించదు. చక్రం 50 డిగ్రీలు వేడెక్కితే 40 మి.మీ. మీద 14 మైక్రాన్లు వదులొస్తుంది. పైన మూత, సర్‌క్లిప్ (గాడిలో పట్టే స్ప్రింగు రింగు) తప్పనిసరి.

చిట్టి_వర్క్‌షాప్
ఎవరూ అడగలేదు కానీ, ఎదుటి వైపు తగ్గించలేవా? ఇక్కడ వంద గ్రాములు కలపడమూ, అవతల అంతే దూరంలో వంద తీయడమూ ఒకటే.

లేత్_రాజు
చేయి మొదట్లో మందంగా ఉంది... చూడాలి. రేపు డ్రాయింగ్ తీస్తా. ఆ సంగతి నాకసలు తట్టలేదు.

బ్లాక్‌బోర్డ్_మూర్తి
@చిట్టి_వర్క్‌షాప్ ఇన్ని పోస్టుల్లో ఖర్చు లేని సలహా ఇదొక్కటే.

టూల్‌రూమ్_సత్యం
ఒప్పుకుంటున్నా. నేను నేరుగా లోహం పేరు చెప్పేశాను, ముందు ఇది అడగాల్సింది. రాజూ, చేయి మొదట్లోనే బలం ఎక్కువ పడుతుంది, అక్కడ తీసేటప్పుడు చూసుకుని తియ్యి.

లేత్_రాజు
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను, పని అయింది.

చేయి మొదట్లో ముట్టుకోలేదు, సత్యం అన్న చెప్పినట్టు అక్కడ బలం కావాలి. చివర బ్రాకెట్ ఒకటి అనవసరంగా లావుగా ఉంది, దాంట్లో మూడు రంధ్రాలు వేసి లోహం తీశాను. బోరు దూరానికి లెక్క కడితే 200 గ్రాములు తగ్గినట్టయింది. ఇక 1,000 చాలు. 17.5 అల్లాయ్ దిమ్మ 36 మి.మీ. పొడవు, దాని మీద 22 మి.మీ. ఇనుప మూత, ఆ పైన సర్‌క్లిప్. అన్నీ కలిపి 1,014 తూగింది. మూతకి లోపలి వైపు డ్రిల్ చేసి 14 గ్రాములు తీశాను. టంగ్‌స్టన్ నిండా పెట్టాలనుకున్నవాణ్ణి, అందులో అరవై శాతంతోనే సరిపోయింది.

దిమ్మ పార్సిల్ వచ్చినప్పుడు మా అబ్బాయి ఒంటి చేత్తో లాగబోయి ఆగిపోయాడు. గుప్పెడంత డబ్బా, బల్లకి మేకు కొట్టారా అన్నాడు. లేత్ మీద తిరుగుతుంటే రవ్వలు పొడిపొడిగా రాలాయి, పోత ఇనుము లాగే. ఆ రవ్వలు కూడా డబ్బాలో దాచాను.

600 మీద నడిపాను. ఇంతకుముందు స్టాండు మీద పెట్టిన స్పానరు జరుక్కుంటూ వెళ్లి కింద పడేది. ఇప్పుడు నీళ్ల గ్లాసు పెట్టినా పైన చిన్న వలయాలే కనిపిస్తున్నాయి.

రిగ్గు_నైట్‌షిఫ్ట్
శభాష్!

ఫౌండ్రీ_శీను
వంద గంటలు నడిచాక మూత తీసి ఒకసారి చూడు. దిమ్మ ఎక్కడైనా మెరిసి ఉంటే కదులుతున్నట్టు.

లేత్_రాజు
చూస్తానన్నా. మరి ఆ మిగిలిన సీసం గుళ్లు రెండు కిలోలు ఉన్నాయి. ఏం చేయను?

పాత_ఇనుము
బోలు గొట్టాన్ని సుత్తి తలలా చేసి, ముప్పాతిక వంతు గుళ్లు నింపి, రెండు వైపులా మూసెయ్. ఎపాక్సీ పోయకు, వదులుగానే ఉండాలి. కొట్టగానే లోపలి గుళ్లు ఒక క్షణం వెనక వచ్చి గుద్దుతాయి, సుత్తి ఎగిరి వెనక్కి రాదు. బేరింగులు కూర్చోబెట్టడానికి అంత మంచి సుత్తి లేదు.

గీత_ఫిజిక్స్
అక్కడ సందులే పనిచేస్తాయి!

లేత్_రాజు
గొట్టం ముక్క ఉంది. రేపు గ్లవ్స్ వేసుకుని మొదలుపెడతా.